నీలిరంగు ప్లేటు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు "ఈ పండుగకు నీవుకూడా ఏదైనా మాట్లాడవలె" అన్నప్పుడు, నేను పురాణం చెప్పగలవాడను కాను, మెట్రిక్ దాటని పార్సెల్ గుమాస్తాను అని మనవి చేసుకున్నాను. "నీకు తెలిసినదే చెప్పవయ్యా" అన్నారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి రైల్వే రసీదులు, రెండవది గ్రామఫోను ప్లేట్లు. పండుగపూట రసీదుల గొడవ ఎవరికి కావాలి? కనుక ప్లేట్లను గురించి, అందులోనూ రంగు ప్లేట్లను గురించి నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను.

అసలు గ్రామఫోను ప్లేటు నల్లగా ఎందుకుంటుంది? వెనుకటి 78 వేగపు ప్లేట్లను లక్కతో చేసేవారు. అవును, పాండవులను దహింపజూచిన ఇంటి లక్కే, మన ఆడపడుచుల గాజుల లక్కే, సంచుల మూతులకు ముద్రలు వేసే లక్కే. ఛోటానాగపూర్ అడవులలో కుసుమ చెట్లమీద, మోదుగ చెట్లమీద చిన్న పురుగులు పెట్టే ఆ లక్క ఓడలెక్కి సీమకు, అమెరికాకు పోయి పాటల ప్లేట్లుగా మారేది. అందులో రాతిపొడి, మసి కలిపేవారు. ఆ మసివల్లనే నలుపు. తరువాత వినైల్ అనే ప్లాస్టిక్కు వచ్చింది. దానికి పుట్టుకతో నలుపు లేదు, ఇంచుమించు తేటగా ఉంటుంది. దానిలోనూ మసి కలిపారు. నలుపులో చిన్న చిన్న మలినాలు కంటికి ఆనవు, మిగిలిన ముక్కలను కరిగించి మరల వాడుకోవచ్చు. కాబట్టి నలుపు ప్లేటుకు పుట్టుమచ్చ కాదు, ఫ్యాక్టరీవారి సౌకర్యం.

ఇక రంగు సంగతి. 1949 మార్చిలో అమెరికాలో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీవారు 7 అంగుళాల చిన్న ప్లేటును బజారుకు తెచ్చారు. నిమిషానికి 45 చుట్లు తిరిగే దీనికే సింగిల్ అని పేరు. ఒక పక్క ఒక పాట, రెండో పక్క ఇంకొక పాట. వారు ఒక్కొక్క తరహా సంగీతానికి ఒక్కొక్క రంగు ఏర్పాటు చేశారు. శాస్త్రీయ సంగీతానికి ఎరుపు, పల్లెపట్టు కంట్రీ పాటలకు ఆకుపచ్చ, పిల్లల పాటలకు పసుపు, అందరూ పాడుకొనే పాటలకు నలుపు, ఇలా ఏడు రంగులు. మన రైల్వేవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఎర్ర జెండా చూపితే ఆగాలి, పచ్చ జెండా చూపితే పోవాలి. అక్కడ రంగు అలంకారం కాదు, సంకేతం. అంగడివాడు ప్లేటు రంగు చూచి లోపలి పాట ఏ తరగతిదో చెప్పగలిగేవాడు. కాని ఇన్ని రంగులు కలిపి చేయడం ఖర్చుతో కూడిన పని. కొద్ది ఏండ్లలోనే ఆ పద్ధతి మూలబడింది, మళ్ళీ అన్నీ నలుపే అయినాయి.

ఇప్పుడు మిమ్మల్ని 1979వ సంవత్సరపు ఇంగ్లండుకు తీసుకువెళతాను. అక్కడ హెవీ మెటల్ అనే సంగీతం పెరుగుతున్న రోజులవి. పెద్దలు భయపడకండి, ఇది కార్మికుల ఇళ్ళలో పుట్టిన సంగీతం. దానికి ఆద్యులని చెప్పుకొనే బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటారు వాయించే టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ పనివాడు. యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోతే, ప్లాస్టిక్కు కరిగించి వేలితొడుగులు చేసుకొని మళ్ళీ వాయించాడు. అలాటి మొండితనం ఆ సంగీతంలో ఉన్నది.

1975లో లెమ్మీ అనే ఆయన మోటర్‌హెడ్ అనే బృందం పెట్టాడు. డీజిల్ షెడ్డులో నాలుగు ఇంజన్లు ఒక్కమారు మొదలుపెట్టినట్టుంటుంది వారి వాద్యం. లోకం హెవీ మెటల్ అన్నా, ఆయన మాత్రం మాది రాక్ అండ్ రోలే అనేవాడు. 1979 చివర "బాంబర్" అనే పాట సింగిల్‌గా వచ్చింది. బ్రాంజ్ రికార్డ్స్ కంపెనీవారు మొదటి 20,000 ప్రతులను నీలిరంగు వినైల్‌మీద అచ్చువేసి, ఆపైన వాటిని మామూలుగా నల్లగా వేశారు. పాట ఒకటే, అచ్చు ఒకటే, రంగు మాత్రం వేరు.

ఎందుకు చేశారు? ఆ రోజులలో సీమలో ఏ పాట ఎన్ని ప్రతులు అమ్ముడుపోయిందో వారం వారం లెక్కకట్టి పట్టిక ప్రకటించేవారు. ఆలస్యమైతే నీలిది దొరకదు అనేసరికి కుర్రవాళ్ళు మొదటి వారమే అంగడికి పరుగెత్తుతారు, పాట పట్టికలో పైకి పోతుంది. అంటే 1949లో సంకేతమైన రంగు 1979 నాటికి ఎర అయింది. ఈ పద్ధతి ఆ ఒక్క కంపెనీది కాదు. ఆ రోజులలో చాలామంది చేసిన పనే.

ఈ విషయం ఇక్కడ చెప్పడానికి కారణం ఉన్నది. ఈమధ్య మా ఆఫీసులో ఒక పెద్దాయన నా బల్లదగ్గర కూర్చుని, "ఏమయ్యా, నీవు ప్లేట్లవాడివి గదా! మావాడు నెలజీతంలో సగం పెట్టి ఎర్రప్లేటు ఒకటి తెప్పించాడు. పైకాగితం విప్పడు, వినడు. పదేళ్ళకు దాని ధర పదింతలవుతుందంటాడు. నిజమేనా?" అని అడిగారు. ఇంట్లో తండ్రీ కొడుకులకు రెండు వారాలుగా మాటలు లేవట. చెల్లెలి పెళ్ళికి డబ్బు కూడబెట్టే ఇల్లది.

ఆయనకు చెప్పినదే మీకూ మనవి చేస్తాను. 20,000 అంటే తక్కువ సంఖ్య కాదు. మరి మచ్చలేని నీలిప్లేటుకు ఇప్పటికీ గిరాకీ ఎందుకున్నది? ఆనాడు కొన్నవారు దాచుకోవడానికి కాదు, వినడానికి కొన్నారు. మొద్దు ముల్లు పెట్టి వందసార్లు తిప్పారు. స్నేహితులకు అరువిచ్చారు. అట్ట చింపారు. గీతలు పడ్డాయి, కొన్ని పోయాయి. అలా అరిగిపోగా మిగిలినవాటికే విలువ. కొరత తెచ్చినది కంపెనీ ఒక్కటే కాదు, విన్నవాళ్ళ ప్రేమకూడా. ఇప్పుడు "పరిమిత ప్రతులు" అని ముద్రవేసి అమ్మే రంగు ప్లేట్లను కొన్నవాళ్ళలో చాలామంది మూత విప్పకుండా దాస్తున్నారు. అందరూ దాచినప్పుడు అన్నీ మిగులుతాయి. అన్నీ మిగిలినప్పుడు కొరత ఎక్కడిది? కొరత లేనిచోట ధర దేనికి పెరగాలి? పెరిగేవి కొన్ని ఉండవచ్చు, కాని దానిని నమ్మి చెల్లెలి పెళ్ళి సొమ్ము పెట్టగూడదు.

"మరి రంగుదానిలో పాట బాగా వినబడుతుందా?" అని ఆయనే అడిగారు. రంగునుబట్టి పాట రాదండీ. వేడిచేసిన వినైల్ ముద్దను రెండు నికెల్ అచ్చులమధ్య పెట్టి యంత్రంతో గట్టిగా నొక్కుతారు. సరుకు శుభ్రమైనదైతే, నొక్కేవాడు శ్రద్ధగలవాడైతే, ఏ రంగైనా చక్కగా పలుకుతుంది. లోపల బొమ్మ కనబడే ప్లేట్ల సంగతి వేరు. వాటిలో బొమ్మ కాగితంమీద పలుచని పొరలో గాడి ఉంటుంది గనుక సాధారణంగా గరగర ఎక్కువ. పాతది కొనదలచినవారు రంగు చూచి మురిసిపోక, పాట ముగిసినచోట లేబులు చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో గీసిన సంఖ్యలను చూడాలి. ఏ అచ్చునుండి వచ్చినదో అవి చెబుతాయి. మేము పార్సెల్ బిళ్ళమీద నంబరు చూచినట్టే.

ఈ చిన్న ప్లేట్ల కాలం తీరిపోయిందనుకున్నారు చాలామంది. తీరలేదు. 2008 నుండి ఏటేటా విదేశాలలో రికార్డు అంగళ్ళవారు ఒక పండుగదినం జరుపుకొంటున్నారు. 2023లో మెటాలికా అనే హెవీ మెటల్ బృందంవారు అమెరికాలో ప్లేట్లు నొక్కే ఫ్యాక్టరీలో పెద్ద వాటానే కొన్నారు. పాడేవాడు అచ్చుయంత్రంకూడా కొనుక్కొనేంత గిరాకీ ఉన్నదన్నమాట.

"బాంబర్" వాయించిన ముగ్గురూ ఇప్పుడు లేరు. డప్పులు వాయించిన ఫిల్ టేలర్, లెమ్మీ 2015లోనే పోయారు. గిటారు వాయించిన ఎడ్డీ క్లార్క్ 2018లో పోయాడు. నీలిప్లేటు ఎక్కడ ఉన్నా, ముల్లు ఆన్చిన క్షణాన ఆ ముగ్గురూ ఒక గదిలో నిలబడి వాయిస్తారు. ముల్లు ఆన్చకపోతే అది నీలం గాజుబిళ్ళ వంటిది, అంతే. కాబట్టి తమ్ముళ్ళారా, రంగు నచ్చితే కొనండి, తప్పులేదు. ఇంటి అవసరాలు తీరిన తరువాత కొనండి. కొన్న రోజుననే మూత విప్పండి. పెద్దలారా, పిల్లవాడు వినేటప్పుడు ఒక్క పాట పక్కన కూర్చుని వినండి. చెవులు గింగురుమన్నా మూడు నాలుగు నిమిషాలే గదా!