మరను త్రిప్పుటకు ముందు



పూర్వము దారిలో బండి మొరాయించినచో, ఇరుసున కందెన యున్నదా, చీల యూడినదా యని చూచిన పిమ్మటనే ఎద్దును అదలించెడివారు. నేడు మన వాకిళ్లలో కార్లు నిలిచియున్నవి. వానిలో పెక్కింటికి టర్బో అను గాలియంత్రము గలదు. పాతకారును కొనువారికి కొన్ని వేళల మునుపటి యజమాని అమర్చిన బూస్టు కంట్రోలరు అను చిన్నమర కూడ దానితోపాటు సంక్రమించుచున్నది. కారు బలము తగ్గినను, మితిమీరినను అందరి చేయియు మొదట ఆ మరమీదికే పోవును. అట్లు పోరాదనియు, దోషమును క్రమముగా వెదకవలయుననియు చెప్పుటయే నేటి నా ప్రసంగవిషయము. జీవితమంతయు బడిలో తెలుగు చెప్పిన పంతులునకు ఇంజనుతో నేమి పని యని మీరనుకొనవచ్చును. కారణము వెదకుట యెక్కడనైనను తర్కమే. ఆ శాస్త్రమును చిన్ననాట గురుముఖమున కొంత చదివితిని.

ముందు యంత్రస్వరూపము నెరుగవలయును. కొలిమిలో బొగ్గెంత యున్నను తిత్తి యూదినగాని ఇనుము ఎఱ్ఱబారదు. ఇంజనును అట్టిదే, చమురు మండుటకు గాలి కావలయును. వ్యర్థముగా పోవు పొగచేతనే ఒక చక్రమును త్రిప్పించి, అదే ఇరుసున నున్న వేఱొక చక్రముచే గాలిని ఇంజనులోనికి క్రుక్కించు ఉపాయమును స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి తన 1905 నాటి పేటెంటులో వర్ణించెను. 1962 లో అమెరికాయందు ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ మొదలగు కార్లలో ఇది జనులకు అమ్మకమునకు వచ్చెను. ఈ చక్రములు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగగలవు. సముద్రమట్టమున మనచుట్టునున్న గాలి యొత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌనులు. దానిపై టర్బో చేర్చు అధికమైన యొత్తిడికే బూస్టని పేరు. 7 పౌనుల బూస్టనగా ఇంజనునకు ఇంచుమించు ఒకటిన్నర రెట్ల యొత్తిడిగల గాలి యందుచున్నదని యర్థము.

ఇందొక యపాయము కలదు. గాలి హెచ్చిన పొగ హెచ్చును. పొగ హెచ్చిన చక్రవేగము హెచ్చును. దానితో గాలి మరల హెచ్చును. అలుగు లేని చెరువునకు కట్ట తెగుట యెట్లో, హద్దులేని బూస్టునకు పిస్టను పగులుట యట్లు. అందుచేత పొగ కొంత చక్రమును తాకక ప్రక్కగా పోవుటకు వేస్ట్‌గేటు అను చిన్నతలుపు నుంచిరి. ఆ తలుపును తెఱచునది యాక్చుయేటరు అను డబ్బా. దానిలో రబ్బరు పొరయు, స్ప్రింగును ఉండును. టర్బో గాలి యొక సన్నని గొట్టముద్వారా వచ్చి ఆ పొరను నెట్టగా, స్ప్రింగు లొంగి, కడ్డీ కదలి, తలుపు తెఱచుకొనును.

మనము చెప్పుకొను మర ఆ సన్నని గొట్టము నడుమ నుండును. కొన్ని మరలు గాలిని కొంత బయటికి విడుచును. మరికొన్ని స్ప్రింగుచే నొత్తబడిన గుండుతో గాలిని కొంతవఱకు ఆపును. చెరువు నిండినదన్న వార్తను నీరుగంటికి తగ్గించియో, ఆలస్యముగనో చెప్పు దూతవంటిది ఈ మర. తలుపు ఆలస్యముగా తెఱచుకొనును, బూస్టు పెరుగును. దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. డబ్బాలోని స్ప్రింగు నిర్ణయించినదానికంటె బూస్టును తగ్గించుట ఈ మరకు సాధ్యము కాదు. ఆ సన్నని గొట్టము ఊడినచో బూస్టు తగ్గునని పలువురు తలంతురు, నిజము తద్విరుద్ధము. వార్తయే చేరదు గనుక తలుపే తెఱవబడదు.

ఇక పరీక్షకు వత్తము. తార్కికులు అన్వయవ్యతిరేకములని చెప్పుదురు. కారణ మున్నప్పుడు కార్యముండుటయు, కారణమును తొలగించినప్పుడు కార్యము లేకుండుటయు చూడవలయునని దాని సారము. కావున మొట్టమొదట ఇంజను చల్లారిన పిమ్మట మరను తొలగించి, టర్బోనుండి వచ్చు గొట్టమును తిన్నగా డబ్బాకు తగిలింపవలయును. పిదప నిర్జనమైన దారిలో కారును మెల్లగా వేగమునకు తెచ్చుచు, ప్రక్కన కూర్చున్న వేఱొకరిచే బూస్టుముల్లును చూపింపవలయును.

ముల్లు స్ప్రింగునకు విధించిన యంకెయొద్ద నిలిచినచో తక్కినవన్నియు నిర్దోషములు. దోషము మరయందో, దాని గొట్టములందో కలదు. బాణపుగుర్తు గల మరను తలక్రిందులుగా బిగించిరేమో చూడుడు. అప్పుడు గాలి డబ్బాకు పోదు. గుండు మడ్డిపట్టి అంటుకొనవచ్చును. చిక్కిన గాలిని విడుచు సూదిబెజ్జము పూడినచో తలుపు మూసికొనక బలము ఆలస్యముగా వచ్చును.

మర లేకున్నను ముల్లు మితిమీరినచో డబ్బాను పరీక్షింపవలయును. చేతిపంపుతో మెల్లగా గాలి యెక్కింపగా కడ్డీ కదలవలయును, యొత్తిడి నిలువవలయును. నిలువనిచో పొర చినిగినది. కడ్డీ కదలనిచో తలుపు బిగిసినది. లారీ చక్రములకు గాలికొట్టు యంత్రమును దీనికి తగిలింపరాదు, పొర పగులును.

ముల్లు ఆ యంకెకు చేరనేచేరనిచో గాలి యెక్కడనో కారుచున్నది, లేదా తలుపు సరిగా మూసికొనుట లేదు. సైకిలుట్యూబు చిల్లును నీటిలో చూచినట్లే, టర్బోకును ఇంజనుకును నడుమనున్న పెద్దగొట్టములలో కొలదిగా గాలి నింపి, అతుకులపై సబ్బునీరు పూసి బుడగలను చూడవలయును. ముల్లు వణకుచుండినచో సన్నగొట్టము పొడవుగనో మెత్తగనో ఉండవచ్చును. ముల్లును నమ్ముటకు ముందు దాని గొట్టమును కూడ చూడుడు.

నా పూర్వశిష్యుడొకడు ఇట్టి మర గల పెట్రోలు కారును కొనెను. మిట్ట యెక్కునప్పుడు బలము చాలకుండగా మరను కొంచెము త్రిప్పెను, బలము వచ్చెను. కొన్నాళ్లకు మరల తగ్గగా మరల త్రిప్పెను. నిజమునకు పెద్దగొట్టము క్లిప్పుక్రింద చీలియుండెను. తరువాత నొక మెకానిక్కు ఆ గొట్టమును మార్చెను గాని మరను వెనుకకు త్రిప్పవలెనని యతనికెవ్వరును చెప్పలేదు. వారము తిరుగకమునుపే ఇంజనులో టకటక శబ్దము పుట్టి, పిస్టను పగిలెను. ఒక పంట రాబడి దానికే పోయెను. తండ్రి ఆ మెకానిక్కుపై పంచాయతి పెట్టుటకు సిద్ధపడి నన్ను సాక్షిగా రమ్మనెను. నేను కుఱ్ఱవానిని పిలిచి, మరను ఎన్నిమార్లు త్రిప్పితివని తండ్రియెదుటనే యడిగితిని. అతడు మూడని చెప్పి తలవంచుకొనెను. పంచాయతి జరుగలేదు. నిదానము తెలియక లక్షణమును మాత్రము కప్పిపెట్టిన వైద్యమిట్టిది.

కనుక మరను త్రిప్పినచో పావుచుట్టునకు మించి త్రిప్పవలదు. త్రిప్పిన లెక్కను కాగితమున వ్రాసి కారులోనే యుంచుడు. ఒక్కమారు ఒక్కదానినే మార్చుడు. టకటక శబ్దము వినబడిన తక్షణమే వేగమును విడిచి, మరను మొదటిస్థానమునకు తెండు. నేటి కొత్తకార్లలో ఈ పనిని కంప్యూటరే చేయుచున్నది. కొన్ని డీజిలు కార్లలో ఏర్పాటే వేఱు. వానికి ఇట్టి మరను బిగింపవలదని మీ యింటి పిల్లలకు చెప్పుడు. అమ్ముడుపోవు పాతకారులో ఇది యున్నదా యని కొనుటకు ముందే యడుగుడు.