మనవల కోసం నాలుగు ఇంగ్లీషు మాటలు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుండి కూతురు, కోడలి కాన్పులకు అమెరికా వెళ్లేవారు మనలో ఎందరో ఉన్నారు. రవీంద్రులు 1919లో జనగణమనను ఇంగ్లీషు చేసింది మన మదనపల్లెలోనే. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడేస్తాం. కనుక మరో నాలుగు మాటలు మనకు బరువు కావు. నేను నోటుబుక్కులో రాసుకున్నవి చెబుతాను.

మనం చదివింది బ్రిటిషు ఇంగ్లీషు. మన నాపీ అక్కడ డయపర్. కాట్ అంటే క్రిబ్. నోటి పీక పాసిఫయర్. పాలు తాగిన బిడ్డకు త్రేన్పు తెప్పించడం బర్ప్. ఫార్ములా అంటే లెక్కల సూత్రం కాదు, డబ్బాపాలు!

ఇవి తెలియకపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. మందు దగ్గర అలా కుదరదు. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15. మాట తారుమారైతే మందు మూడింతలవుతుంది. అందుకే డాక్టరును మిల్లీలీటర్లలో చెప్పమనండి. మందుతో ఇచ్చిన సిరంజితోనే కొలవండి. ‘ఆన్ ద బ్యాక్’ పడుకోబెట్టమంటే వెల్లకిలా అని. ‘నో హనీ’ అంటే ఏడాది నిండేదాకా తేనె నాకించరాదని. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే డాక్టరుకు ఫోను చేయించండి.

అర్థం కాని మాటను రెండోసారి అడగడం నామోషీ కాదు. సెలవు.