మీది ఏ స్టేషను?



ఖరగ్‌పూర్ తెలుగు బడి మాస్టారిని నేను మొదటిసారి కలిసింది మథురాకాటి క్వార్టర్లో. ఆయన నా పేరు అడగలేదు, ఇంటిపేరూ అడగలేదు. "మీది ఏ స్టేషను బాబూ?" అన్నారు. తిలారు అన్నాను. అలమారలోంచి అట్ట కట్టిన పాత నోటుబుక్కు తీసి, తిలారు పేజీ తిప్పి, మా తాతగారి పేరు, ఆయన చేసిన పని రాసుకున్నారు. పలాసకొక పేజీ, పొందూరుకొక పేజీ, చీపురుపల్లికొక పేజీ. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ చరిత్రను ఆయన అలా స్టేషన్లవారీగా కూర్చారు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ నోటుబుక్కు నాకు నేర్పిన పాఠమే.

ఈ ఊరి పాత కథ మీ అందరికీ తెలుసు. ఇందాలో ఖడ్గేశ్వరుడి గుడి, ఆయన పేరున ఊరి పేరు, హిడింబ కథ, పీర్ లోహాని దర్గా. మొరం నేల, సాల చెట్లు, నాలుగు పల్లెలు. అక్కడ ఆగను. నాకు కావలసింది 1890 తర్వాతి పదిపన్నెండేళ్ళు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కంపెనీ 1887లో పుట్టింది. నాగ్‌పూర్ వైపు నుంచి దాని లైను తూర్పుకు వస్తోంది. అదే కాలంలో మన వైపు మరో పని నడిచింది. బెజవాడ నుంచి కటకం దాకా తీరం పొడవునా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేశారు. 1893 నుంచి ఆ లైను ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. వంశధార, నాగావళి మీద వంతెనలు లేచాయి. కట్ట పోయడం, కంకర కొట్టడం, స్లీపర్లు పరచడం, గడ్డర్లు ఎత్తడం, రివెట్లు దిగ్గొట్టడం. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల్లోని మనుషులు తమ ఊరు దాటకుండానే, లైను తమ పొలం పక్క నుంచి పోతుండగా, ఈ పనులన్నీ నేర్చుకున్నారు.

తర్వాత వరస చూడండి. 1899 మొదట్లో కటకం నుంచి ఖరగ్‌పూర్‌కు లైను కలిసింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ మీద వంతెన పూర్తయి హౌరాకు దారి పడింది. అడవిలో ఒక పెద్ద జంక్షను, దాని పక్కన ఒక మహా వర్క్‌షాపు, వాటి చుట్టూ వేల మందికి ఇళ్ళు కట్టాలి. సరిగ్గా అప్పుడే తీరం లైను పని ముగిసి, పని నేర్చిన గ్యాంగులు ఖాళీగా ఉన్నాయి. 1902లో వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న ఉత్తర భాగం బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. దక్షిణ భాగం అంతకు ముందే మద్రాసు రైల్వేకు పోయింది. నా దృష్టిలో మన చరిత్రలో అన్నిటికన్నా పెద్ద తేదీ ఈ 1902. ఆ రోజు నుంచి ఆమదాలవలసలో కీమ్యాను, ఖరగ్‌పూర్‌లో ఫిట్టరు ఒకే యజమాని మనుషులు. ఒకే జీతాల పట్టీ, ఒకే పాసు, ఒకే బదిలీ ఉత్తర్వు. 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఉన్నా ఖరగ్‌పూర్ మనకు పరాయి ఊరు కాలేదు. లైను చివరనున్న ఊరు అయింది.

ఇక్కడ ఒక తగాదా ఉంది. దాన్ని దాటిపోతే మాస్టారు ఒప్పుకునేవారు కాదు.

మన వలసల మీద రాసినవాళ్ళలో చాలామంది ఒకే మాట రాస్తూ వచ్చారు: కరువు తోలితే కూలీలు ఖరగ్‌పూర్ వచ్చారని. 1896-97లో గంజాం, విశాఖ జిల్లాల్లో కరువొచ్చిన మాట నిజం. ఆకలి లేదని నేననను. మా తాతగారి అన్నదమ్ములు అంబలి తాగి బతికిన కథలు వింటూ పెరిగినవాణ్ణి. కానీ ఆకలి ఇంట్లోంచి బయటికి నెడుతుంది గాని ఎటు వెళ్ళాలో చెప్పదు. అదే జిల్లాల నుంచి అదే కాలంలో ఆకలిగొన్నవాళ్ళు వేలకు వేలు ఎటు వెళ్ళారు? కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్ళారు. మేస్త్రి చేతిలో బయానా తీసుకుని, ఆ అప్పు తీరేదాకా వరి మిల్లుల్లో, రేవులో బస్తాలు మోశారు. డబ్బు కూడితే తిరిగొచ్చారు, కూడకపోతే అక్కడే పోయారు. బర్మా దారి మేస్త్రి దారి. ఖరగ్‌పూర్ దారి అది కాదు.

మాస్టారి నోటుబుక్కు తిరగేయండి. పేరు పక్కన రాసిన పని చూడండి. బ్లాక్‌స్మిత్తు, బాయిలర్ మేకరు, రివెట్ పట్టేవాడు, పాయింట్స్‌మన్, వడ్రంగి, గ్యాంగ్‌మన్. కింద "ఎవరు పిలిచారు" అని ఇంకో గడి. అందులో మేస్త్రి పేరు అరుదు. బావ పిలిచాడు, మేనమామ పిలిచాడు, పక్కూరి గ్యాంగ్‌మేట్ పిలిచాడు. చేతిలో పని ఉన్నవాడు, తన పనిని గుర్తుపట్టే చోటికి, తెలిసినవాడి వెనకాల వచ్చాడు. కరువు వాదం రాసినవాళ్ళు ఆ మనిషికి పొట్ట ఒక్కటే ఉందనుకున్నారు. ఆయనకు చేతులున్నాయి, ఆ చేతుల్లో పదేళ్ళ విద్య ఉంది. మా తాతగారిని కరువు కూలీ అని పుస్తకంలో చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఆయన సుత్తి మా ఇంట్లో ఉంది. పిడి రెండుసార్లు మార్చాం, తల అదే.

ఇంకొకరు అడగవచ్చు: పని నేర్చినవాళ్ళే వస్తే, వర్క్‌షాపు బయట మట్టి మోసిన ఆడవాళ్ళ సంగతేమిటని. మంచి ప్రశ్న. కట్ట పోసిన గ్యాంగుల్లో మొదటి నుంచీ ఆడవాళ్ళు ఉన్నారు. తట్ట మోయడం, కంకర కొట్టడం వాళ్ళ పని. ఇక్కడికి వచ్చాక రైల్వే పట్టీలో వాళ్ళ పేర్లు చాలావరకు చేరలేదు. మాస్టారి నోటుబుక్కులోనూ అవి తక్కువే. ఆ లోటు ఆయనకు తెలుసు. చివరి రోజుల్లో మనవరాళ్ళను పిలిచి "మీ అమ్మమ్మ ఏ పని చేసేదమ్మా" అని అడిగి, పెన్సిలుతో అంచుల్లో రాసేవారు.

ఆ మనుషులు ఇక్కడ ఊరు ఎలా కట్టుకున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. వర్క్‌షాపు సైరను మోగితే ఇంట్లో గడియారం అక్కర్లేదు. గోల్‌బజారులో బేరం హిందీలో, పక్క క్వార్టరు బౌదితో మాట బెంగాలీలో, పిల్లల మీద కోపం మాత్రం శ్రీకాకుళం యాసలో. "ఏటా గుంట?" అన్న పిలుపు నింపురాలో వింటే కళ్ళు మూసుకుని సోంపేట అనుకోవచ్చు. వేసవి ముందు మాత పూజ వస్తే వీధిలో పసుపు నీళ్ళు, వేపమండలు, డప్పులు. బెంగాలీ ఇళ్ళవాళ్ళూ గుమ్మాల్లో బిందెలతో నీళ్ళు పెట్టుకుని నిలబడడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. బాలాజీ గుడి చుట్టూ ఒక పేటే ఏర్పడి బాలాజీ మందిర్ పల్లి అయింది. తెలుగు మీడియం బడులు నడిచాయి. వాటిలో ఒకదానిలో మాస్టారు ముప్పై ఏళ్ళు గుణింతాలు దిద్దించారు.

1927 గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఫిబ్రవరిలో ఒక సమ్మె. సెప్టెంబరులో వర్క్‌షాపులో ఉద్యోగాల కోత ప్రకటిస్తే కార్మికులు పని ఆపారు, కంపెనీ తలుపులు మూసింది, పోరు డిసెంబరు దాకా సాగింది. ముందు నిలిచిన నాయకుడు వి.వి.గిరి. 1894లో బరంపురంలో పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, తర్వాత 1969లో రాష్ట్రపతి అయిన మనిషి. ఆయన్ను జాతీయ నాయకుడిగా అందరూ చెబుతారు. మాస్టారు మాత్రం బరంపురం పేజీలో మొదటి పేరుగా రాశారు. ఆయన స్టేషనూ ఇదే లైనులో ఉంది. వర్క్‌షాపులోని ఫిట్టరు, బరంపురం వకీలు ఒకరి మాట ఒకరు నమ్మడానికి ఆ లైను కొంత కారణమని నా నమ్మకం.

సభాధ్యక్షులవారు చీటీ పంపారు, పది నిమిషాలే ఉన్నాయట. 1931లో హిజ్లీ జైల్లో కాల్పులు, అదే భవనంలో 1951లో ఐ.ఐ.టి. వాటి మీద మంచి పుస్తకాలున్నాయి, చదవండి. 1944లో కంపెనీ పోయి ప్రభుత్వం వచ్చింది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. 1974 మే సమ్మె మీలో చాలామంది ఇళ్ళలోనే జరిగింది. ప్రపంచంలోనే పొడవైన ప్లాట్‌ఫారమని చాలాకాలం చెప్పుకున్నాం. 2013లో ఆ పేరు గోరఖ్‌పూర్‌కు పోయింది.

అసలు పోయింది 2003లో. ఆ ఏప్రిల్లో వాల్తేరు డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్ళింది. 1902లో పడిన ముడి నూట ఒకటో ఏట విడిపోయింది. రైళ్ళు ఆగలేదు, కోరమాండల్ ఇప్పటికీ మన ప్లాట్‌ఫారం మీదే ఆగుతుంది. కానీ పలాస కుర్రవాడు అదే జోనులో, మేనమామ దగ్గరికి బదిలీ అడిగి ఇక్కడికి వచ్చే దారి మూసుకుపోయింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అందుకు సంతోషించాను. ఆ కబురు మాస్టారు వినలేదు. అంతకు ముందే వెళ్ళిపోయారు.

నోటుబుక్కు ఈ బల్ల మీద పెట్టాను, పక్కన పెన్సిలు ఉంది. ఇచ్ఛాపురం పేజీ నిండింది, నౌపడాలో చోటుంది, విజయనగరానికి కొత్త కాగితాలు కుట్టించాం. వెళ్ళేటప్పుడు మీ స్టేషను వెతుక్కుని, ముందు మీ అమ్మమ్మ పేరు, ఆవిడ చేసిన పని రాయండి. తాతగారి పేరు ఆ తర్వాత రాద్దురుగాని.