ఏకగ్రీవాల వెనుక



ఎన్నికల డ్యూటీలో బ్యాలెట్ పెట్టెలు మోసినవాళ్లం కనుక ఈ మాట చెబుతున్నాను. 2021లో మన మదనపల్లె పక్కనున్న పుంగనూరు మునిసిపాలిటీలో 31 వార్డులూ ఏకగ్రీవం. అన్ని వార్డుల్లోనూ రెండో మనిషే దొరకలేదా! ఆ ఏడాదే పంచాయతీ ఏకగ్రీవమైతే జనాభాను బట్టి 5 నుంచి 20 లక్షల రూపాయలు ఇస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. "ఊరికొచ్చే డబ్బు చెడగొడతావా?" అని పెద్దలు నిలదీస్తే, నామినేషన్ వేసిన కూలివాడు ఏం బదులు చెబుతాడు?

కుప్పంలో ఆ నవంబరులో పోలింగు జరిగింది. బయటివాళ్లు వచ్చి ఓట్లేశారని గొడవ. వైకాపాకు 19, తెదేపాకు 6 వార్డులు. 2025 ఏప్రిల్‌లో అదే కౌన్సిల్, మళ్లీ పోలింగు లేకుండానే, తెదేపా ఛైర్మన్‌ను ఎన్నుకుంది. కౌన్సిలర్లు పార్టీ మారారు మరి.

రెండూళ్ల మిత్రులూ ఇక్కడే ఉన్నారు. మిగతాది వారి నోటనే విందాం. సెలవు.