నేల అడుగున ఏముంది?



గోదావరి లంకల్లో వరద తెచ్చిన ఒండ్రు నేలలున్నాయి. ఏ మట్టినైనా తడిపి వేళ్ళతో నలిపి చూడండి. ఇసుకైతే గరగరలాడుతుంది. బంకమన్నైతే అంటుకుంటుంది. ఒండ్రైతే పిండిలా మెత్తగా ఉంటుంది.

ఒండ్రు మంచి నేలే. కానీ కొన్నిచోట్ల నీరు మెల్లగా దిగుతుంది. పైన ఆరినట్టే ఉంటుంది. అడుగున చెమ్మ నిలుస్తుంది. వేళ్ళు కుళ్ళిపోతే పెట్టుబడంతా పోయినట్టే.

మరి తెలిసేదెలా? 3 అడుగుల గుంట తవ్వండి. మచ్చల్లేని గోధుమరంగు మట్టైతే నీరు బాగా దిగుతుంది. 2 అడుగుల కింద తుప్పురంగు, బూడిదరంగు మచ్చలుంటే ఓ మాదిరిగా దిగుతుంది. మచ్చలు పైపైనే ఉంటే నీరు నిలిచే నేల. అలాంటిచోట పసుపు, అరటి వేయాలంటే ముందు మురుగు కాలవ తీయాలి.

విత్తనం కొనేముందే పార పట్టండి!