ఎదుటి మనిషి తెలివిని దేనితో కొలుస్తున్నాం?

ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



నాకు ఇచ్చిన అంశం 'యువత - విద్య'. అందులోంచి ఒక చిన్న ముక్కే తీసుకుంటాను. రోజూ ఎవరో ఒకరిని కలుస్తాం. కలిసిన అర నిమిషంలోనే 'ఇతను తెలివైనవాడు', 'ఈమెకేం తెలియదు' అని మనసులో మార్కులు వేసేస్తాం. ఆ మార్కులు దేన్ని చూసి వేస్తున్నామో ఈ రోజు కాస్త ఆలోచిద్దాం.

ఈ మార్కులు పడటం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో గోండి తప్ప మరో మాట వినని పిల్లవాడు హాస్టల్‌కు వస్తాడు. సార్ తెలుగులో ప్రశ్న అడుగుతాడు. పిల్లవాడు ఆ ప్రశ్నను గోండిలోకి తిప్పుకోవాలి, జవాబు గోండిలో వెతుక్కోవాలి, దాన్ని మళ్లీ తెలుగులోకి తెచ్చుకోవాలి. ఈలోగా పక్క బెంచీవాడు చెయ్యెత్తేస్తాడు. మనవాడికి 'మొద్దు' అని పేరు పడుతుంది. నిజానికి పక్కవాడు ఒక పని చేస్తే మనవాడు మూడు పనులు చేశాడు. ఆ మాట ఎవరూ చెప్పరు. కొన్నాళ్లకు వాడే నమ్మేస్తాడు. దసరా సెలవులకు ఇంటికి వచ్చి మళ్లీ హాస్టల్‌కు వెళ్లడు. 'చదువు అబ్బలేదు' అంటాం. తమాషా ఏమిటంటే తెలుగులో రెండు, మూడు, నాలుగు, మన రండ్, మూండ్, నాలుంగ్ ఒక తల్లి బిడ్డలే. రెండూ ద్రావిడ భాషలే. అందులో ఒకటి చదువు భాష అయింది, ఇంకోదాన్ని అడవి భాష అన్నారు.

బ్యాంకులోనూ అంతే. వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపగానే కౌంటర్ వెనక గొంతు మారుతుంది. 'మీరు' కాస్తా 'నువ్వు' అవుతుంది. ఆ ముసలాయన నాలుగు ఎకరాల పత్తికి విత్తనం, మందు, కూలి, అప్పు, వడ్డీ అన్నీ తలలో పెట్టుకుని వచ్చిన మనిషి అని అక్కడ ఎవరికి తెలుసు?

ఇక్కడ మీకొక జరిగిన సంగతి చెప్పాలి. ఆఫ్రికాలో లైబీరియా అనే దేశం ఉంది. అక్కడ క్పెల్లె అనే తెగ ఉంది. వ్యవసాయం చేసుకునే జనం. 1960లలో మైకేల్ కోల్, జోసెఫ్ గ్లిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివారు అక్కడికి వెళ్లారు. రైతుల ముందు కొన్ని వస్తువులు పెట్టి, ఏవి దేనితో కలుస్తాయో జత చేయమన్నారు. తిండి వస్తువులు, పనిముట్లు, బట్టలు, వంట సామాను అని వేరు చేస్తే తెలివి ఉన్నట్టు లెక్క. రైతులు అలా చేయలేదు. కత్తిని తీసి నారింజ పక్కన పెట్టారు, ఎందుకంటే కత్తి నారింజను కోస్తుంది. తెలివైనవాడు ఇలాగే పెడతాడు అని కూడా అన్నారు. చివరికి విసుగొచ్చి, సరే మరి, మూర్ఖుడైతే ఎలా పెడతాడో చూపించండి అని అడిగారు. అప్పుడు వాళ్లు తిండి ఒకవైపు, పనిముట్లు ఒకవైపు, చక్కగా కుప్పలు పెట్టి చూపించారు.

మన తాతను అడిగినా గొడ్డలిని కట్టెల దగ్గరే పెడతాడు కదా! రైతులకు ఆ పద్ధతి చేతకాక కాదు, అది పనికొచ్చే పద్ధతి అని వాళ్లకు అనిపించలేదు. ఆ చివరి ప్రశ్న అడగకుండా తిరిగి వెళ్లిపోయి ఉంటే 'వీళ్లకు ఆలోచించడం రాదు' అని పుస్తకంలో రాసేసేవాళ్లు. అలా రాసిన పుస్తకాలు లోకంలో బోలెడున్నాయి.

లెక్కల సంగతీ ఇదే. బ్రెజిల్‌లోని రెసిఫె అనే ఊళ్లో వీధుల్లో సరుకులు అమ్మే పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 1985లో అచ్చయింది. బేరంలో అడిగినప్పుడు పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే వచ్చాయి. పిల్లలు మారలేదు, లెక్క అడిగిన తీరు మారింది, అంతే. అలాగని బడి లెక్కలు అక్కర్లేదు అనను, అవి కూడా రావాలి. కాకపోతే అంగడిలో లెక్క వచ్చిన పిల్లను 'దీనికి లెక్కలు రావు' అని మొదలుపెడితే కాగితం లెక్క కూడా రాదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న విషయం. ఇది పరువు గొడవ కాదు, ప్రాణాల సంగతి.

మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉంది. మీలో చాలామందికి తెలిసిన ఇళ్లలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో దీని నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 లక్ష్యంగా పెట్టుకున్నారు. రక్త పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఇచ్చేటప్పుడు ఏం చెప్తున్నారు? చాలాచోట్ల ఏమీ చెప్పడం లేదు. 'వీళ్లకు చెప్పినా అర్థం కాదు' అని ముందే మార్కులు వేసేశారు. కార్డు ఇంటికొచ్చి పెట్టెలో బట్టల కింద పడి ఉంటుంది. పిల్లకు పెళ్లి కుదిరినప్పుడు ఎవరూ దాన్ని బయటికి తీయరు. రెండేళ్లకు ఒళ్లంతా నొప్పులతో ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తుతారు. అప్పుడు 'ముందే చూసుకోవద్దా, బుద్ధి లేదా' అని తిట్లు.

నిజంగా అర్థం కాని విషయమా ఇది? ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒక గింజ, తండ్రి నుంచి ఒక గింజ వస్తాయి అనుకోండి. ఒకటి పుచ్చుదై రెండోది మంచిదైతే ఆ మనిషి మామూలుగా ఆరోగ్యంగానే ఉంటాడు, తన దగ్గర పుచ్చు గింజ ఉందని కూడా తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండూ పుచ్చు గింజలే వచ్చే అవకాశం ఉంది. అదే జబ్బు. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు అనుకోకూడదు. ప్రతి కాన్పుకూ బుట్టలో మళ్లీ చెయ్యి పెట్టి గింజలు తీసినట్టే. ఇద్దరిలో ఒక్కరి దగ్గరే పుచ్చు గింజ ఉంటే బిడ్డకు ఆ జబ్బు రాదు, గింజ మాత్రం రావచ్చు.

ఇప్పుడు చెప్పండి. నాల్వెన్ సగ, సివెన్ సగ, సార్వెన్ సగ, యేర్వెన్ సగ, ఏ ఇంటిపేరు ఏ సగలో ఉంది, ఎవరికి ఎవరు సోయిర అవుతారు, ఎవరితో పెళ్లి కుదరదు అని తరాల లెక్క నోటితో చెప్పే మన అవ్వకు ఈ నాలుగు గింజల లెక్క అర్థం కాదా? నాకైతే ఈ లెక్క ఆమెకు డిగ్రీ చదివిన పిల్లలకంటే తొందరగా అందుతుందని గట్టి నమ్మకం. సంబంధాలు చూసేది ఆమే కాబట్టి అందాల్సింది కూడా ఆమెకే. సగ వేరైనంత మాత్రాన ఈ జబ్బు ఆగదు అనే ముక్క కూడా ఆమెతో చెప్పాలి. లేకపోతే మన కట్టుబాటే కాపాడుతుందని అనుకుంటుంది.

ఇంతసేపూ వేరేవాళ్లను అన్నాను. మన సంగతి కూడా చూద్దాం.

ఇంటర్ పాసై వచ్చిన తమ్ముడు నాన్నకు ఫోన్‌లో డబ్బు పంపడం చూపిస్తాడు. రెండోసారి అడిగితే 'నీకు తెల్వదులే, ఇటియ్యి' అని ఫోన్ లాక్కుంటాడు. బ్యాంకు కౌంటర్ వెనక విన్న గొంతే ఇంట్లో వినిపిస్తుంది.

పర్ధాన్ పెద్దమనిషి కిక్రీ పట్టుకుని వస్తే మన పిల్లలు కొందరు అడుక్కునేవాడిని చూసినట్టు చూస్తారు. ఆయన తలలో మన వంశాల చరిత్ర అంతా ఉంది. మార్లవాయి కనకరాజు దాదాకు గుస్సాడీ కోసం 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్లిపోయారు. పద్మశ్రీకి ముందు రోజు, తర్వాత రోజు వాళ్లకు తెలిసింది ఒక్కటే. మనం ఫోటోలు దిగడం మాత్రం తర్వాతే మొదలైంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు బయటపడి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరినప్పుడు అందరం ఛాతీ విరిచాం. విరవాల్సిందే. కానీ లిపి దొరికింది కాబట్టి మన పెద్దలు తెలివైనవాళ్లు అని మాత్రం అనకండి. దొరక్కపోయినా తెలివైనవాళ్లే.

ఇంకొకటి, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. కొలాం వాళ్ల గురించి, తోటి వాళ్ల గురించి మన ఇళ్లలో ఎలా మాట్లాడతాం? ఊరి దేవతకు పూజ చేయాలంటే కొలాం మనిషే రావాలి, వాళ్లను పూజారి అనే పిలుస్తాం. అదే మనిషి మండల ఆఫీసులో మన పక్కన నిలబడి మాట తడుముకుంటుంటే నవ్వుతాం. హాస్టల్లో మన పిల్లవాడిని చూసి నవ్వినవాళ్లకూ మనకూ తేడా ఏముంది?

అసలు ఎవరి తెలివినీ అంచనా వేయొద్దని నేను అనడం లేదు. అది కుదరని పని. రేపు మీరు టీచర్ అవుతారు, నర్సు అవుతారు, పంచాయతీ కార్యదర్శి అవుతారు. అంచనా వేయకుండా పని జరగదు. కాకపోతే వేసేముందు ఆ మనిషికి బాగా వచ్చిన భాషలో అడిగామా చూడండి. అడిగాక ఆగండి, మీకు విసుగొచ్చాక కూడా ఇంకొంచెం ఆగండి. ఆ మనిషి రోజూ చేసే పని గురించి ఒక్క ప్రశ్నైనా వేయండి. మిమ్మల్నే ఎవరైనా తక్కువగా చూస్తే, 'ఇంకోసారి నెమ్మదిగా చెప్పండి' అని తలెత్తి అడగండి. అర్థం కాని జోక్‌కు నలుగురితో పాటు నవ్వాల్సిన అవసరం లేదు.

భోజనాల తర్వాత ఇక్కడే చెట్టు కింద సికిల్ సెల్ కార్డులు చదివి చెప్పే పని పెట్టుకున్నాం. ఇంట్లో కార్డు ఉన్నవాళ్లు పెద్దవాళ్లను కూడా తీసుకురండి. చిక్కుడు గింజలు, బుట్ట తెచ్చాను. గోండిలో చెప్పడానికి నలుగురు పేర్లు ఇచ్చారు. కొలామీ వచ్చినవాళ్లు ఇద్దరు కావాలి. ఎవరైనా ఉంటే భోజనానికి ముందే వచ్చి నాతో కూర్చోండి, ఏ మాటకు ఏ మాట వాడాలో మీ దగ్గర నేర్చుకుని మొదలుపెడదాం.

జై సేవా.