పత్రికావ్యాఖ్యాతలు – విరమణకాలము

(పట్టణ పఠనమందిర వార్షికసభలో చేసిన ఉపన్యాసము)



కంటికి పొర క్రమ్మినపుడు ఆ సంగతి మొదట ఆ కన్ను గలవానికే తెలియదు. దీపము మందగించినదని యాతఁడు ఇంటివారిని గద్దించును. చిరకాలము పత్రికలలో వ్యాఖ్యలు వ్రాసినవారికిని ఇట్టి యవస్థ కలుగవచ్చును. కలిగినపుడు వారేమి చేయవలెను? ఈ ప్రశ్నము మాకును సంబంధించినదే. పదునేడేండ్లుగా మేమును వారము వారము వ్యాఖ్యలు వ్రాయుచున్నాము.

ఇందులకు వయస్సును ప్రమాణముగా గ్రహింపరాదు. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో పరమపదించువఱకు కృష్ణాపత్రికకు సంపాదకులుగా నుండిరి. ఆ దీర్ఘసేవను తెనుఁగు పాఠకులు నేఁటికిని గౌరవముతో స్మరించుచున్నారు.

ప్రజాభిప్రాయమునకు ఎదురు వ్రాయుటయు దోషము కాదు. మాంచెస్టరు గార్డియను పత్రికను 1872 మొదలు 1929 వఱకు నడపిన సి. పి. స్కాటుగారు బోయరు యుద్ధమును నిరసించి యెందఱో పాఠకులను పోఁగొట్టుకొనిరి. అయినను ప్రజలేమనుకొనుచున్నారో యెఱిఁగియే వారు ఎదిరించిరి. తుదకు ఎనుబదిమూఁడవయేట సంపాదకపీఠము వీడి కుమారున కప్పగించిరి.

మఱి దోష మెక్కడ నున్నది? సురేంద్రనాథ బెనర్జీగారి చరిత్రను పరికింపుఁడు. వారు 1879లో బెంగాలీ పత్రికను చేపట్టిరి. 1883లో న్యాయస్థానధిక్కార నేరమునకు రెండు మాసములు చెఱసాల ననుభవించిరి. వంగవిభజనను ఎదిరించిన మహోద్యమమునకు నాయకులైరి. అట్టివారు, సహాయనిరాకరణము దేశమును కదలించుచున్న 1921లో, మంత్రిపదవిని స్వీకరించిరి. 1923 శాసనసభ యెన్నికలో రాజకీయములకు క్రొత్తవారైన విధానచంద్ర రాయ్ అను వైద్యులు వారిని ఓడించిరి. సురేంద్రనాథులకు దేశభక్తి తఱిగినదని మేమనము. దేశము తాము చూచినచోటనే నిలిచియున్నదని వారు తలఁచిరని మా యభిప్రాయము.

పరుల సంగతి యటుండనిండు. 2019లో ఆంధ్రప్రదేశమున పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. కౌలుదారునకు పదునొకండు మాసముల యొడంబడికపై పత్రము లభించుననియు, దానివలన అప్పును పంటబీమాయు అందుననియు మేము మెచ్చుకొని వ్రాసితిమి. కొలదిదినములకు న్యాయస్థానపు వసారాలో ఒక కౌలురైతు మమ్ము పలుకరించెను. "వకీలుగారూ! మీరు రాసింది చదివించుకున్నానండీ. భూమిగలాయన సంతకం పెడితేగదా ఆ కార్డు వచ్చేది? సంతకం అడిగితే వచ్చే యేడు పొలమే ఇవ్వనన్నాడు. ఈమధ్య మీరు మా వైపు రావటం లేదేమండీ?"

మేము బదులు పలుకలేకపోతిమి. చట్టములో సంతకపు నియమమును మేము చదివియే యుంటిమి. దాని బరువు మాకు తెలియలేదు. యౌవనమున ఉద్యమకార్యకర్తలమై ఆ యూళ్లు కాలినడకను తిరిగినవారమే. ఆ తిరుగుడు మానినను, ఆనాఁటి యెఱుకతోనే నేఁటికిని తీర్పులు చెప్పుచుంటిమి.

కావున మాకు తోఁచిన గుర్తులను మనవి చేయుచున్నాము. వ్యాఖ్యాత అడుగుట మాని చెప్పుటయే పనిగా పెట్టుకొన్నపుడు, ఇరువదేండ్లనాఁటి దృష్టాంతమునే మరల మరల త్రిప్పినపుడు, తప్పు చూపిన యువకుని అనుభవహీనుఁడని త్రోసిపుచ్చినపుడు, ఆతఁడు ప్రక్కకు తొలఁగుట దేశమునకు మేలు.

అనుభవజ్ఞులు తొలఁగినచో పత్రికలు పసివారి పాలగునని కొందఱందురు. నేఁడు వార్తలు చేతిలోని ఫోనులకే క్షణక్షణము వచ్చుచుండఁగా, నిలుకడగల పెద్దలు వలయుననుట నిజమే. అయితే పెద్దఱికమునకు పీఠమే యక్కఱలేదు. పాత సంగతులు జ్ఞప్తికిఁ దెచ్చుటకు, యువకుల వ్రాఁత దిద్దుటకు, అబద్ధము పొరలినపుడు హెచ్చరించుటకు పెద్దలుందురు గాక! వారము వారము తీర్పుచెప్పు అధికారము మాత్రము, ఊళ్లు తిరుగువారికి చెందవలెను.

ఈ మాట పరులకు చెప్పి మేము కూర్చుండుట ధర్మము కాదు. రానున్న యుగాదితో మా వ్యాఖ్యలను చాలించుచున్నామని సంపాదకులకు వ్రాసితిమి. ఆ స్థలమును పల్లెలు తిరుగుచున్న యువరచయితల కొసంగుఁడని వేఁడుకొంటిమి. సంతకము దొరకని ఆ కౌలురైతు కథను మొదట వారు వ్రాయుదురు గాక! మేము ఈ మందిరపు బల్లకడ కూర్చుండి చదువుకొందుము.